మారని వరుసలు మారినట్టు ఎందుకు కనబడతాయి?

పుంగనూరులో తొమ్మిదో తరగతి చదివే ఇద్దరు అమ్మాయిలు "మా ఊరి వంటలు" అని 40 వరుసల ఫైలు తయారుచేస్తున్నారనుకోండి. ఒకరి కంప్యూటరులో విండోస్, మరొకరి దాంట్లో లినక్స్. ఎప్పుడు ఏం మారిందో గుర్తుపెట్టుకోవడానికి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ అనే ప్రోగ్రాము వాడుతున్నారు. ఒకనాడు రెండో అమ్మాయి రాగిసంగటికి ఉప్పు 1 చెంచా అనబోయి 11 అని కొట్టింది. పాత ఫైలుతో పోల్చి చూస్తే 40 వరుసలూ మారాయంటోంది గిట్! అసలు తప్పు ఆ గుంపులో ఎక్కడో దాక్కుంది.

ఎందుకిలా? కంప్యూటరుకు తెలిసినవి సంఖ్యలే. మనం వదిలిన ఖాళీ కూడా దానికొక సంఖ్యే: 32. వరుస ముగిసిందని చెప్పడానికీ సంఖ్యలున్నాయి. పాతకాలం టెలిప్రింటరులో వరుస పూర్తయితే రెండు పనులు జరగాలి. అచ్చుకొట్టే భాగం ఎడమ అంచుకు రావాలి. కాగితం ఒక వరుస పైకి జరగాలి. మొదటి పనికి 13, రెండోదానికి 10. ఆ యంత్రాలు పోయినా అలవాటు పోలేదు. విండోస్ రెండూ రాస్తుంది, లినక్స్ 10తో సరిపెట్టుకుంటుంది. రెండో అమ్మాయి ఫైలు దాచినప్పుడు ప్రతి వరుస చివరా 13 ఎగిరిపోయింది. మన కంటికి తేడా లేదు. పోల్చే ప్రోగ్రాముకు మాత్రం ప్రతి వరుసా కొత్తదే.

మనిషైతే ఇలా చేయడు. తాటాకు గ్రంథంలో ఆకు అయిపోయిన చోట వరుస విరుగుతుంది; పద్యపాదంతో దానికి పనిలేదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయించే ముందు ఎన్నో ప్రతులు సేకరించి పోల్పించాడు. అలాంటి పనిలో మాట మారిందా అని చూస్తారు గాని, వరుస ఎక్కడ విరిగిందని చూడరు.

గిట్‌కూ ఆ సంగతి చెప్పవచ్చు. వరుస చివరి ఖాళీలను వదిలెయ్యమంటే చాలు, ఉప్పు వరుస ఒక్కటే బయటపడుతుంది. ఇంకో సూచన ఉంది, పేరు 'బి'. దాంతో ఖాళీ ఒకటైనా పదైనా ఒకటే. 'డబ్ల్యూ' అంటే అసలు ఖాళీలనే లెక్కచేయదు. ఇది తొందరపడి వాడేది కాదు! "పాలకూర" అన్నచోట ఎవరైనా "పాల కూర" అని కొట్టారనుకోండి. ఆకుకూర పోయి పాలు పోసి వండిన కూర వచ్చింది. అయినా గిట్ నోరు మెదపదు. పైథాన్ భాషలో వరుసకు ముందున్న ఖాళీలే ఏ ఆజ్ఞ దేని కిందికి వస్తుందో చెబుతాయి కనుక అక్కడ 'బి' కూడా ప్రమాదమే.

ఇంకొక్క మాట. ఈ సూచనలు తేడాలను చూపించే తీరునే మారుస్తాయి, ఫైలును కాదు. పోయిన 13లు తిరిగి రావు. వరుస ముగింపు ఎలా ఉండాలో ఆ ఇద్దరూ ముందే ఒప్పుకొని గిట్‌కు రాసిపెడితే, ఈ 40 వరుసల గొడవే ఉండదు.