విదేశీ చదువుకు వెళ్ళే ముందు: డబ్బు, కాగితాలు, ఏర్పాట్లు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల హాస్టళ్ళలో చదువుకుని డిగ్రీ, పి.జి. దాకా వచ్చినవారిలో విదేశాలకు వెళ్ళి ఎం.ఎస్. గాని పిహెచ్.డి. గాని చేయాలనే కోరిక ఇప్పుడు చాలామందికి ఉంది. మార్కులు ఉన్నాయి, ప్రభుత్వ పథకాలూ ఉన్నాయి. అయినా కొందరు మధ్యలోనే ఆగిపోతున్నారు. తెలివి చాలక ఆగేవారు తక్కువ. ఏ డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది, ఏ ఖర్చు ఎప్పుడు మీద పడుతుంది అనే లెక్క ముందుగా లేక ఆగేవారే ఎక్కువ. మన ఇళ్ళలో ఈ లెక్క చెప్పగల పెద్దలు లేరు. కూలికి పోయే అమ్మానాన్నలకు వీసా అంటే ఏమిటో మనమే చెప్పాలి. అందుకే తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాము.

బాబాసాహెబ్ చదువు నేర్పే పాఠం

డాక్టర్ అంబేద్కర్ ఎన్ని డిగ్రీలు సంపాదించారో మనందరికీ తెలుసు. ఆ డిగ్రీలకు డబ్బు ఎలా సమకూరిందో కూడా తెలుసుకోవాలి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళ గడువు. చదువు అయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలనేది ఒప్పందం. 1916లో లండన్ వెళ్ళి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. స్కాలర్‌షిప్పు గడువు తీరిపోవడంతో 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావలసి వచ్చింది.

ఆయన అంతటితో ఆగలేదు. 1918 నుండి 1920 వరకు బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా పనిచేస్తూ జీతంలో పొదుపు చేశారు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశారు. మిత్రుడు నావల్ భతేనా అప్పు ఇచ్చారు. ఈ మూడూ కలిపి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. పూర్తి చేశారు.

దీనినుండి మనం మూడు సంగతులు గ్రహించాలి. ఒకటి, స్కాలర్‌షిప్పు ఎంత అని అడిగి ఊరుకోకూడదు. ఎన్నాళ్ళు ఇస్తారు, ఏ షరతు మీద ఇస్తారు అని కూడా అడగాలి. రెండు, గడువు మన చదువు కోసం ఆగదు. మూడు, ఒకే దారిమీద ఆధారపడకుండా పొదుపు, సాయం, అప్పు మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

మనకు అందుబాటులో ఉన్న పథకాలు

1. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి: తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ పథకం. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు గరిష్ఠంగా రూ. 20 లక్షలు ఇస్తారు. విమాన టికెట్టు, వీసా ఫీజు కోసం మరో రూ. 50 వేల లోపు ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం రూ. 5 లక్షల లోపు, వయసు 35 ఏళ్ళ లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. జీఆర్ఈ లేదా జీమ్యాట్‌తో పాటు టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ వంటి ఇంగ్లీషు పరీక్ష స్కోరూ చూస్తారు. దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో. బి.సి.లకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఇలాంటి పథకాలే ఉన్నాయి.

2. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్: కేంద్ర సామాజిక న్యాయ శాఖ పథకం. దేశమంతటికీ ఏటా 125 స్థానాలు, అందులో 115 ఎస్.సి.లకు. ఆదాయ పరిమితి రూ. 8 లక్షలు. క్యూ.ఎస్. ర్యాంకుల్లో మొదటి 500 విశ్వవిద్యాలయాల్లో ఒకదానినుండి షరతులు లేని ప్రవేశ పత్రం ఉండాలి. పూర్తి ట్యూషన్ ఫీజు, విమాన ఖర్చు, వైద్య బీమాతో పాటు జీవన భత్యంగా అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్లు ఇస్తారు. పిహెచ్.డి.కి నాలుగేళ్ళు, మాస్టర్స్‌కు మూడేళ్ళు గడువు. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే పరిశోధనకు ఈ డబ్బు రాదు. చరిత్ర, సోషియాలజీ చదివేవారు ఈ మాట ముందే గమనించాలి.

3. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ స్కాలర్‌షిప్ విడిగా ఉంది. స్థానాలు 20 మాత్రమే. మహబూబాబాద్ తండాల నుండి, భూపాలపల్లి గూడేల నుండి వచ్చినవారు రాష్ట్ర పథకంతో పాటు దీనికీ దరఖాస్తు చేయాలి.

4. విశ్వవిద్యాలయమే ఇచ్చే జీతం: పిహెచ్.డి.కి వెళ్ళేవారికి ఇదే పెద్ద దారి. అమెరికాలో సైన్సు, ఇంజనీరింగు విభాగాల్లో పిహెచ్.డి. ప్రవేశంతో పాటు టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంటుగా తీసుకుని, ట్యూషన్ మాఫీ చేసి, నెలనెలా స్టైపెండు ఇవ్వడం మామూలు. ఇండియాలో పిహెచ్.డి. చేస్తున్నవారు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్పుతో ఆరు నుండి తొమ్మిది నెలలు అమెరికాలో పరిశోధన చేసి రావచ్చు.

నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదివిన తరువాతే అడుగు వేయాలి.

ఖర్చు ముందు, డబ్బు తరువాత

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. రాష్ట్ర పథకంలో డబ్బు రెండు విడతలుగా వస్తుంది. మొదటి విడత మనం ఆ దేశంలో దిగి, దిగినట్టు కాగితం పంపిన తరువాత. రెండవ విడత మొదటి సెమిస్టరు ఫలితాలు పంపిన తరువాత. అంటే విమానం ఎక్కేదాకా ప్రతి రూపాయీ మన చేతినుండే పోవాలి. స్టైపెండు కూడా అంతే. చేరిన నెలా నెలన్నరకు గాని మొదటి చెక్కు రాదు.

స్టైపెండుతో అమెరికా వెళ్ళే ఒక విద్యార్థి లెక్క చూద్దాం. డాలరు 90 రూపాయలు అనుకుందాం.

పాస్‌పోర్టు: రూ. 1,500
ఇంగ్లీషు పరీక్ష: సుమారు రూ. 18,000
నాలుగు దరఖాస్తులు, ఒక్కొక్కటి 75 డాలర్ల చొప్పున: రూ. 27,000
వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 350 డాలర్లు: రూ. 48,150
విమాన టికెట్టు: రూ. 70,000 అనుకుందాం
అద్దె అడ్వాన్సు, మొదటి నెలన్నర తిండి, బస్సు: 1,500 డాలర్లు, అంటే రూ. 1,35,000
మొత్తం: రూ. 2,99,650

"పూర్తి స్కాలర్‌షిప్పు వచ్చింది, పైసా ఖర్చు లేదు" అని ఊరంతా అనుకునే పిల్లవాడికి కూడా దాదాపు మూడు లక్షలు ముందు కావాలి. జీఆర్ఈ రాస్తే మరో ఇరవై వేలకు పైన చేరుతుంది. సొంత ఖర్చుతో చేరే ఎం.ఎస్. అయితే మొదటి సెమిస్టరు ఫీజు కూడా దీనిపైన కలపాలి.

తగ్గించుకునే దారులు కొన్ని ఉన్నాయి. చాలా విభాగాలు, కారణం చెప్పి ఈ-మెయిల్ రాస్తే దరఖాస్తు ఫీజు మాఫీ చేస్తాయి. అడగడానికి సిగ్గుపడవద్దు. జీఆర్ఈ అడగని విభాగాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. కాని మనం విద్యానిధికి కూడా దరఖాస్తు చేస్తుంటే ఆ స్కోరు అవసరమో కాదో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. విడతలు ఆలస్యమైన సంగతులు కూడా పత్రికల్లో వచ్చాయి. 2025లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక పత్రాలు అందాయి. కాబట్టి పేరు జాబితాలో రాగానే డబ్బు వచ్చినట్టు లెక్క వేసుకోకూడదు. మంజూరు పత్రం చేతికి వచ్చాకే ఉద్యోగం మానడం, టికెట్టు కొనడం మంచిది.

అప్పు చేయవలసి వస్తే

ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెస్తే నెలకు రూ. 9,000 వడ్డీ. ఆరు నెలలకు రూ. 54,000. అదే మొత్తానికి బ్యాంకులో ఏడాదికి 11 శాతం వేసినా ఆరు నెలలకు రూ. 16,500. తేడా చూడండి. కాబట్టి బ్యాంకు గుమ్మమే ముందు ఎక్కాలి. మామూలు విద్యారుణ పథకం కింద 4 లక్షల వరకు హామీ ఆస్తి అడగరు, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం చేస్తే చాలు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. ఒక బ్యాంకు కాదంటే కారణం కాగితం మీద రాసి ఇమ్మని అడిగి, ఇంకో బ్యాంకుకు వెళ్ళాలి.

భూమి విషయం జాగ్రత్త. మన కుటుంబాల్లో చాలామందికి ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి. 1977 నాటి చట్టం ప్రకారం దానిని అమ్మడం చెల్లదు. తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి డబ్బు తీసుకుంటే భూమీ పోతుంది, కేసూ మిగులుతుంది. పిల్లవాడి టికెట్టు కోసం ఎకరం పోగొట్టుకుంటే, ఆ ఎకరం మీద బతికే చెల్లెలి చదువు ఆగిపోతుంది. ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

కాగితాలు

1. పేరు: పదవ తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒక్కలాగే ఉండాలి. మనకు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా రాసే అలవాటు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు రెండు గళ్ళూ పూర్తిగా నింపాలి. లేకుంటే వీసాలో పేరు వింతగా పడి బ్యాంకు ఖాతా దగ్గరనుండి ప్రతిచోటా ఇబ్బంది.

2. పాస్‌పోర్టు: డిగ్రీ చివరి సంవత్సరంలోనే తీసుకోండి. పోలీసు విచారణ దరఖాస్తులో రాసిన ప్రస్తుత చిరునామాకు వస్తుంది. హాస్టల్ చిరునామా, ఊరి చిరునామా కలగాపులగం చేయవద్దు.

3. కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు మీసేవలో తీసుకుని ఉంచుకోవాలి. ఆదాయ పత్రానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి దరఖాస్తు తేదీ చూసుకుని తీసుకోవాలి.

4. కాకతీయ విశ్వవిద్యాలయం నుండి ట్రాన్‌స్క్రిప్టులు, ఒరిజినల్ డిగ్రీ ముందే తెచ్చుకోవాలి. భూపాలపల్లికి ప్రయాణికుల రైలు లేదు. బస్సులో వరంగల్ పోయి వచ్చేసరికి ఒక రోజు కూలి పోయినట్టే. అన్ని పనులూ ఒక్క రోజుకు కూడగట్టుకోండి.

5. అన్నిటికీ నకళ్ళు ఒక సెట్టు ఇంట్లో, ఒక సెట్టు ఈ-మెయిల్‌లో ఉంచాలి. 1917లో లండన్ నుండి అంబేద్కర్ సామాను తెస్తున్న ఓడ యుద్ధంలో మునిగి, ఆయన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఇప్పుడు ఓడలు మునగకపోయినా సంచులు పోవడం మామూలే.

దేశాన్ని బట్టి తేడాలు

జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కాని జీతం గాని స్కాలర్‌షిప్పు గాని లేనివారు వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపాలి. 2022 నవంబరు నుండి ఏ.పి.ఎస్. ధృవీకరణ కూడా తప్పనిసరి. దానికి రూ. 18,000. బ్రిటన్‌లో చూపవలసిన డబ్బు 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. వైద్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. అమెరికా వీసా ఇంటర్వ్యూ హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉన్న కాన్సులేటులో జరుగుతుంది.

మోసాలకు దూరం

2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వందలాది తెలుగు విద్యార్థులు చిక్కుల్లో పడ్డారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే పెట్టిన ఉత్తుత్తి కాలేజీలో చేరి 130 మంది అరెస్టయ్యారు. వారిలో ఒకరు తప్ప అందరూ భారతీయులు, తెలుగువారు చాలామంది. తరగతులు లేకుండా వీసా ఇస్తామన్నవాడిని నమ్మకూడదు. ఖాతాలో డబ్బు ఉన్నట్టు దొంగ కాగితం పుట్టిస్తామనే వాడిని అసలు నమ్మకూడదు. అది బయటపడితే వీసా జన్మలో రాకపోవచ్చు.

దిగిన తరువాత

వెళ్ళేముందే పళ్ళు, కళ్ళు చూపించుకోండి. అక్కడ విద్యార్థి బీమాలో ఇవి చాలాచోట్ల రావు. నగదు మనిషికి 3,000 డాలర్లకు మించి తీసుకుపోరాదు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. మొదటి వారంలో విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్ళి పేరు నమోదు చేయించుకుని, బ్యాంకు ఖాతా తెరవాలి. విద్యానిధికి పంపవలసిన కాగితాలు ఆ వారమే పంపాలి. స్టైపెండు మీద పన్ను ఉంటుంది. అమెరికాలో భారతీయ విద్యార్థులకు రెండు దేశాల ఒప్పందం వల్ల కొంత మినహాయింపు ఉంది, అడిగి రాయించుకోవాలి. ఇంటికి ఎంత పంపుతామో మొదటి మూడు నెలలూ మాట ఇవ్వవద్దు. అక్కడి ఖర్చు తెలిశాక చెప్పిన మాట నిలుస్తుంది.

ఎప్పుడు ఏమి చేయాలి

చేరే నెలకు 18 నెలల ముందు పాస్‌పోర్టు, పేరు సవరణలు. 14 నెలల ముందు పరీక్షలు. 12 నుండి 9 నెలల ముందు దరఖాస్తులు. ప్రవేశ పత్రం రాగానే స్కాలర్‌షిప్పు దరఖాస్తులు. 4 నెలల ముందు బ్యాంకు రుణం. 3 నెలల ముందు వీసా. ఈ పద్దెనిమిది నెలల్లో ట్యూషన్లు చెప్పి నెలకు మూడు వేలు వేసుకున్నా రూ. 54,000 అవుతుంది. పాస్‌పోర్టు, పరీక్ష, దరఖాస్తుల ఖర్చు కలిపి రూ. 46,500, కాని అది 9 నెలల ముందే అయిపోతుంది కాబట్టి పొదుపు ఇంకా ముందే మొదలుపెట్టాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మొదటిసారి వెళ్ళేవాడికి దారి తెలియదు. అందుకే వెళ్ళినవారు తాము పెట్టిన ఖర్చు, పట్టిన రోజులు ఒక నోటు పుస్తకంలో రాసి మన హాస్టల్ లైబ్రరీకి పంపాలని కోరుతున్నాము. రెండోవాడు ఆ పుస్తకం చూసి లెక్క వేసుకుంటాడు. మూడోవాడికి అప్పు తగ్గుతుంది.

జై భీమ్.