పందుల నుండి సోకు మెదడు పొరల జబ్బు

మెదడును కప్పియుండు పొరలు వాచుటను మెనింజైటిస్ అందురు. దీనిని కలిగించు సూక్ష్మజీవులలో స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనునది పందుల నుండి మనుష్యులకు సోకును. ఆరోగ్యముగా కనిపించు పందుల ముక్కులోను, గొంతులోను కూడ ఇది ఉండును.

పందిని కోయువాని చేతికి గాయమున్నచో ఇది దాని గుండా రక్తములో చేరును. పచ్చి మాంసము, పచ్చి నెత్తురు తినినను సోకవచ్చును.

రక్తములోని తెల్లకణములు సూక్ష్మజీవులను పట్టి మ్రింగివేయును. కాని దీని చుట్టు ఒక తొడుగు కలదు. అందులోని సయాలిక్ ఆమ్లము మన జీవకణములపై కూడ ఉండునదే. అందుచే తెల్లకణములు దీనిని సులభముగా పట్టలేవు. వీటిలో పెక్కు రకములు సూయిలైసిన్ అను విషమును విడచి, కణముల పొరకు రంధ్రములు చేయును. మెదడులోని రక్తనాళముల గోడ కణములు ఒకదానితో నొకటి అతుకుకొని కంచెవలె కాపాడుచుండును. ఆ కంచె దాటిన సూక్ష్మజీవి మెదడు పొరలను చేరును.

తీవ్రజ్వరము, తలనొప్పి, మెడ బిగియుట దీని లక్షణములు. బ్రతికినవారిలో పలువురకు చెవుడు మిగులును. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రమున 215 మందికి సోకగా 38 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది జబ్బుపడిన లేక చచ్చిన పందులను కోసిన రైతులే.

ఈ జబ్బుకు మనుష్యులకు టీకా లేదు. కావున రైతులు ఈ జాగ్రత్తలు పాటింపవలెను:

1. జబ్బుపడిన, చచ్చిన పందిని కోయరాదు, అమ్మరాదు.
2. గాయమునకు కట్టు కట్టి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. పని ముగియగానే సబ్బుతో కడుగుకొనవలెను.
3. మాంసమును బాగుగా ఉడికించి తినవలెను.
4. జ్వరము వచ్చినచో పందులతో పనిచేసిన సంగతి వైద్యునికి మొదటనే చెప్పవలెను. పెన్సిలిన్ వంటి మందులు సకాలమున పడిన ప్రాణము దక్కును.

పందులు వరుసగా చచ్చుచున్నచో గ్రామాధికారులు వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.