బ్యాటరీ దీపం వెలిగితే



పొటెన్షియల్ భేదం పాఠం మాకు క్లాసులో కంటే పాడేరు ఘాట్ రోడ్డు మీద బాగా బోధపడింది. మా డిగ్రీ ఫీజులు కట్టింది నాన్నగారు కిరాయికి నడిపే పాత డీజిల్ ఫోర్‌వీల్ జీపే. ఒకరోజు ఘాట్ దిగుతుంటే బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. డీజిల్ ఇంజనుకు స్పార్కు అక్కరలేదు కదా, ఇంటికెళ్లాక చూద్దామన్నాము. అంతలో వేడి ముల్లు పైకి లేచింది. రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగిసింది. వెనక తొమ్మిదిమంది. నాన్నగారు గేరు తగ్గించి, కొండవైపు ఒరిపించి ఆపారు.

ఫ్యాన్ బెల్టు తెగింది!

ఆ దీపానికి ఒక కొన బ్యాటరీకి, రెండోది ఆల్టర్నేటర్‌కు ఉంటుంది. ఆల్టర్నేటర్ తిరిగినంతసేపు రెండువైపులా వోల్టేజి దాదాపు సమానం కనుక దీపం వెలగదు. ఆగితే సుమారు 12 వోల్టుల తేడా వస్తుంది. మా జీపులో నీళ్ల పంపును తిప్పేదీ ఆ బెల్టే. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంది. దీపం ఒక్కటే వెలిగితే వైరో, ఆల్టర్నేటరో అనుకోవచ్చు. ముల్లు కూడా లేస్తే ముందు బెల్టు చూడాలి.

ఆయిల్ దీపం వెలిగితే మాత్రం ఆలోచన వద్దు, వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపాలి. తాళం తిప్పగానే, స్టార్టుకు ముందు, ఈ రెండు దీపాలూ వెలగాలి. వెలగకపోతే సంతోషించకండి, బల్బు పోయిందేమో చూడండి.

ఆరోజు మేము వేడి మీదే రేడియేటర్ మూత విప్పబోతే నాన్నగారు చేయి పట్టి లాగేశారు. ఇప్పుడు సీటు కింద స్పేరు బెల్టు, పానా ఉంటున్నాయి.