పాత తారుకు మళ్ళీ ప్రాణం: సివిల్ విద్యార్థులకు ఒక పాఠం

మన ట్రస్టు ఉపకారవేతనంతో డిప్లొమా, బి.ఇ. సివిల్ చదువుతున్న విద్యార్థుల్లో కొందరు ప్రాజెక్టుకు మంచి విషయం సూచించమని అడుగుతున్నారు. రోడ్ల పరీక్షశాలలో పనిచేసిన అనుభవంతో ఈ పాఠం రాస్తున్నాను.

చందాపుర మీదుగా పోయే హోసూరు రోడ్డు మనందరికీ తెలిసిందే. ఇది 44వ నంబరు జాతీయ రహదారి. పాత నంబరు 7. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం దాటి బెంగళూరు మీదుగా ఇటు వచ్చేది ఈ రోడ్డే. ఇలాంటి రోడ్డుకు పై పొర మార్చేటప్పుడు మిల్లింగ్ యంత్రం పాత పొరను గీకి లారీలోకి పోస్తుంది. ఆ నల్లని పొడినే 'ర్యాప్' అంటారు. చూడడానికి చెత్తలా ఉన్నా, అందులో సుమారు 95 శాతం మంచి కంకర, 5 శాతం వరకు బిటుమెన్ ఉంటాయి. కంకర కోసం కొండలు పగలగొడుతున్నాం, బిటుమెన్ కోసం ముడిచమురు దిగుమతి చేసుకుంటున్నాం. అందుకే దీన్ని పారేయడం నష్టం. 1973 చమురు సంక్షోభం తరువాత అమెరికాలో రోడ్ల పునర్వినియోగం ఊపందుకున్నది కూడా ఈ కారణంగానే. మన దేశంలో దీనికి ఐ.ఆర్.సి. 120-2015 అనే మార్గదర్శి ఉంది.

తారు ఎందుకు ముదురుతుంది?

వాడుకలో తారు అంటాం గానీ, అసలు తారు బొగ్గు నుండి వచ్చేది. రోడ్డుకు వాడేది పెట్రోలియం నుండి వచ్చే బిటుమెన్. ఇందులో నాలుగు భాగాలు ఉంటాయి: సాచురేట్లు, ఆరోమాటిక్స్, రెజిన్లు, ఆస్ఫాల్టీన్లు. మొదటి మూడింటినీ కలిపి మాల్టీన్లు అంటారు. గట్టిదనాన్నిచ్చే ఆస్ఫాల్టీన్లను ఈ మాల్టీన్లే విడగొట్టి, తేల్చి ఉంచుతాయి.

మిక్సింగ్ ప్లాంటులో సుమారు 160 డిగ్రీల వేడికి తేలిక భాగాలు ఆవిరవుతాయి. తరువాత ఏళ్ళ తరబడి గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిగి ఆరోమాటిక్స్ రెజిన్లుగా, రెజిన్లు ఆస్ఫాల్టీన్లుగా మారుతాయి. లేత పాకం ముదిరి ఉండపాకమైనట్టు బిటుమెన్ బిరుసెక్కుతుంది. అప్పుడు రోడ్డు పగుళ్ళు వేస్తుంది.

మెత్తబడడం వేరు, కోలుకోవడం వేరు

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే. ఏ పలుచని నూనె పోసినా పాత బిటుమెన్ మెత్తబడుతుంది. అంతమాత్రాన అది రిజువనేటర్ కాదు. తగ్గిన మాల్టీన్లను భర్తీ చేసి, ముద్దకట్టిన ఆస్ఫాల్టీన్లను మళ్ళీ విడగొట్టి, ఆ స్థితిని నిలబెట్టేదే అసలైన రిజువనేటర్. ఆరోమాటిక్ ఎక్స్‌ట్రాక్టులు, పైన్ చెట్ల నుండి వచ్చే టాల్ ఆయిల్, వంటనూనెలు ఇందుకు వాడుతున్నారు. మన దేశంలో కానుగ నూనె, ఆముదం మీద కూడా పరిశోధనలు జరిగాయి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చవకే గానీ, అందులో పారాఫిన్ జాతి ఎక్కువ. అది ఆస్ఫాల్టీన్లను సరిగా పట్టి ఉంచలేదు.

ఏ రిజువనేటరూ జరిగిపోయిన ఆక్సీకరణను వెనక్కి తిప్పలేదు. చేసేది సమతూకాన్ని సరిచేయడమే. కాబట్టి కలిపిన వెంటనే వచ్చిన ఫలితం చూసి సంతోషపడకండి. ఆ నమూనాను ఆర్.టి.ఎఫ్.ఓ. పరీక్షలో 163 డిగ్రీల దగ్గర 85 నిమిషాలు తిప్పి, ఆపైన పి.ఎ.వి.లో 20 గంటలు ఉంచి, మళ్ళీ కొలవండి. ఉత్త నూనెకూ మంచి రిజువనేటర్‌కూ తేడా అక్కడ బయటపడుతుంది.

ఒక లెక్క

100 కిలోల మిశ్రమంలో 5 కిలోల బిటుమెన్ ఉండాలనుకుందాం. ర్యాప్ 40 శాతం, అందులో బిటుమెన్ 5 శాతం అయితే పాతది 2 కిలోలు, కొత్తది 3 కిలోలు. పాతదాని పెనిట్రేషన్ 20, కొత్తదానిది 65 అనుకోండి. మిశ్రమం పెనిట్రేషన్‌ను అంచనా వేయడానికి లాగరిథమ్ సూత్రం వాడతారు:

లాగ్ పి = 0.4 × లాగ్ 20 + 0.6 × లాగ్ 65 = 0.520 + 1.088 = 1.608

పి విలువ సుమారు 41. ఐ.ఎస్. 73:2013 ప్రకారం వి.జి.-30 రకానికి కనీసం 45 ఉండాలి. అంటే చాలదు.

ఇప్పుడు వెనక్కి లెక్క కట్టండి. 45 రావాలంటే పాతదాని పెనిట్రేషన్ 26కు చేరితే చాలు. కొంచెం వెసులుబాటుతో 50 కావాలంటే 34. పాతదాన్ని 65 దాకా తీసుకుపోనక్కరలేదు. మోతాదు మించితే ఎండకాలంలో బరువు లారీల కింద రోడ్డు గాళ్ళు పడుతుంది. అందుకే పాత బిటుమెన్‌లో రిజువనేటర్ 0, 4, 8, 12 శాతం చొప్పున కలిపి పెనిట్రేషన్ కొలిచి, గ్రాఫు గీసి మోతాదు నిర్ణయించాలి. సాఫ్టెనింగ్ పాయింట్, 60 డిగ్రీల దగ్గర స్నిగ్ధత కూడా చూడాలి.

జాగ్రత్తలు

1. ర్యాప్ నుండి బిటుమెన్‌ను ద్రావకంతో వేరుచేశాక, ద్రావకం పూర్తిగా పోవాలి. కొంచెం మిగిలినా బిటుమెన్ మెత్తగా కనిపించి లెక్క తప్పుతుంది.
2. పై లెక్క పాత, కొత్త బిటుమెన్లు పూర్తిగా కలుస్తాయని అనుకుంటుంది. నిజానికి కలయిక పాక్షికమే. రిజువనేటర్ లోపలికి ఇంకడానికి వేడి, సమయం కావాలి.
3. ర్యాప్‌ను మంటకు నేరుగా తగలనీయకూడదు. మిగిలిన బిటుమెన్ కూడా మాడిపోతుంది. కొత్త కంకరను ఎక్కువ వేడిచేసి, దాని వేడితో ర్యాప్‌ను వేడెక్కించాలి.
4. ర్యాప్ కుప్పను వానకు తడవనీయకూడదు. ఆ నీటిని ఆవిరిచేయడానికే ఇంధనం ఖర్చవుతుంది.

పెనిట్రేషన్ యంత్రం, రింగ్ అండ్ బాల్ పరికరం చాలా కళాశాలల్లో ఉంటాయి. మీ అధ్యాపకుల సహాయంతో, సంబంధిత అధికారుల అనుమతితో మిల్లింగ్ కుప్ప నుండి నమూనా తెచ్చుకోండి. పునాది కోసం ఖన్నా, జస్టోల హైవే ఇంజినీరింగ్ పుస్తకం చదవండి. ఆచార్య జస్టో బెంగళూరు విశ్వవిద్యాలయంలోనే బోధించారు.

అభ్యాసం: పై లెక్కలో ర్యాప్ 20 శాతమే అయితే మిశ్రమం పెనిట్రేషన్ ఎంత? రిజువనేటర్ అవసరమా? (జవాబు: సుమారు 51. ఈ లెక్క ప్రకారం అవసరం లేదు.)

మందు ఎప్పుడు వేయాలో తెలిసినవాడికి ఎప్పుడు అక్కరలేదో కూడా తెలియాలి. ఇంజినీరుకూ అంతే.