చెట్ల నీడయు గడ్డిమేతయు

చెట్లు నాటుట మంచిపనియే. అయినను ఏ నేలలో ఏ చెట్టు, ఎంత దూరమున నాటవలెనని విచారింపక నాటినచో, ఒక లాభము కొఱకు మఱియొక లాభమును పోగొట్టుకొందుము. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో గొఱ్ఱెలు, పశువులు గల సభ్యులు అనేకులు గనుక ఈ విషయమును ఈ మాసపు పాఠముగా వ్రాయుచున్నాము.

మన బీళ్ల స్వభావము

ఈ ప్రాంతమున ఏటికి సుమారు 600 మొదలు 750 మిల్లీమీటర్ల వాన కురియును. ఎఱ్ఱ చెలకనేల లోతు తక్కువ, క్రింద రాయి. ఇట్టి చోట్ల గడ్డి విరివిగాను, చెట్లు దూరదూరముగాను ఉండుట సహజము. ఆఫ్రికా ఖండమున ఇట్టి భూములను సవానా లందురు. బీడు లన్నియు ఒకప్పుడు అడవులై నరకబడినవే యని తలచుట సరికాదు. కాగితములలో వ్యర్థభూమి యని వ్రాసినను అది ఖాళీనేల కాదు. గరిక, బోదగడ్డి మందలకు మేత; తంగేడు ఆకు పొలమునకు ఎరువు, చెక్క తోళ్లు పదును చేయుటకు సాధనము; తంగేడు, గునుగు పూలు బతుకమ్మకు అలంకారము. ఇవన్నియు ఎండను కోరునవే.

ఎండ ఏల కావలెను?

ఈ గడ్డులలో పెక్కింటి తీరు జొన్న, సజ్జ, కొఱ్ఱల తీరే. ఇవి గాలిలోని బొగ్గుపులుసు వాయువును ముందుగా ఆకులలో కూడబెట్టుకొని, పిదప ఆహారముగా మార్చుకొనును. అందుచే తీవ్రమైన ఎండలో, కొద్ది నీటితోనే వేగముగా ఎదుగును. కాని ఈ అదనపు పనికి వెలుతురు ఎక్కువ కావలెను. చింతచెట్టు నీడలో మొలచిన జొన్నకు కంకి సరిగా రాదని రైతులెల్లరు ఎఱుగుదురు. గడ్డికిని అంతే. నీడ ముదిరినకొలది మొదట పిలకలు తగ్గును. పిదప గింజ తగ్గును. వేరు బలహీనమై, కొన్నియేండ్లకు దుబ్బే చచ్చును.

ఒంటిచెట్టు వలన ఈ హాని లేదు. దాని ఆకురాలుటచే నేల బలపడును; వేసవిలో మందకు నీడ దొరకును. కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి నేలను కప్పినప్పుడే నష్టము. బ్రెజిలు దేశపు సెర్రాడో బీళ్లలో నిప్పును ఆపుటచే చెట్లు దట్టమైన చోట్ల మొక్కల జాతులు నూటికి 27 వంతులు తగ్గినట్లు 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

చెట్లు దట్టమగుటకు కారణములు

మొదటిది సర్కారుతుమ్మ. దీని విత్తనములను 1877లో కడపజిల్లా కమలాపురమున నాటిరి. మేకలు, పశువులు కాయలు తిని పేడతో విత్తులను వెదజల్లును. రెండవది మితిమీరిన మేపు. గడ్డి బలము తగ్గినచోట ముళ్లపొదకు తావు దొరకును. మూడవది గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుట. దీనివలన గడ్డికన్న చెట్లకు, పొదలకు ఎక్కువ బలము చేకూరును.

నాలుగవది మనము నాటునవి. రాష్ట్రమున పచ్చదనమును నూటికి 24 నుండి 33 వంతులకు పెంచవలెనని 2015 జూలై 3న హరితహారము ఆరంభమైనది. 2017లో గొల్ల కురుమలకు 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పంచు పథకము వచ్చినది. రెండును మంచి ఉద్దేశములే. కాని రెంటికిని ఒకే గైరానును చూపినచో మంద మొక్కను తినును, లేదా మొక్క మేతను చంపును.

చేయవలసిన పనులు

1. వేప, చింత, కానుగలను పొలము గట్లపైన, చెరువు కట్టల దిగువ, బాటల ప్రక్కల, ఇండ్ల వద్ద నాటవలెను.

2. మేతబీటిలో నాటవలసివచ్చినచో, ఎదిగిన పిమ్మటకూడ కొమ్మలు కలియనంత దూరము విడువవలెను.

3. సర్కారుతుమ్మను లేతనాడే వేరుతో పెకలింపవలెను. నరికి విడిచినచో మోడునుండి మఱల చిగిర్చును. కాయలను మెత్తగా పొడిచేసి పశువులకు పెట్టినచో విత్తులు నశించును.

4. గైరానును భాగములు చేసి, వానకాలమున ఒక భాగమును గింజరాలువఱకు మేపక విడువవలెను. ఈ కట్టుబాటు ఒక్కరివలన కాదు. ఊరందఱు కలిసి చేసికొనవలెను.

బతుకమ్మకు తంగేడు, గునుగు ఏటేట దూరమునుండి తేవలసివచ్చుచున్నచో, బీడు మాఱుచున్నదని గుర్తింపుడు. దున్నకము కారణమో, కలుపుమందు కారణమో, నీడ కారణమో విచారింపుడు.

దీనిని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష గలదు. ఒకే బీటిలో తుమ్మపొద క్రింద ఒక గజము చదరము, బయట ఎండలో ఒక గజము చదరము కంపకట్టి మేపకుండ కాపాడుడు. దసరానాటికి రెంటిలోని గడ్డిని కోసి, ఎండబెట్టి, వేఱువేఱుగా తూచుడు. గ్రామమునకు మొక్కలు కావలెనని వ్రాయుటకు ముందు ఆ రెండు తూకములను సంఘపు సమావేశమున చదివి, పిదప స్థలము నిర్ణయించుకొనుడు.