గుంటూరునుండి చెన్నపట్టణమునకు: త్రోవలోని యేళ్లు

మన తూర్పుతీరమును పటములో చూచిన విద్యార్థులకు ఒక సంగతి వెంటనే తోచవలెను. పడమట నల్లమలయు వెలికొండలును, తూర్పున బంగాళాఖాతము, ఈ రెంటి నడుమ సన్నని మైదానము. కొండలలో పుట్టిన నీరు సముద్రమును చేరవలెనన్న నీ మైదానమును అడ్డముగ దాటక తప్పదు. గుంటూరునుండి చెన్నపట్టణమునకు, అనగా నేటి చెన్నైకి, పోవు రహదారి యీ మైదానముమీదనే ఉత్తరమునుండి దక్షిణమునకు సాగును. కావున ఆ త్రోవను పోవువారు ప్రతి యేటిని దాటవలసినదే. ఇంత సులభమైన సంగతిని పుస్తకములలో చదివియు, తరగతిలో బోధించియు, కన్నులార చూచుటకు మాకు రెండు ప్రయాణములు పట్టినవి.

మా తల్లిగారు చెన్నపట్టణమున పెరంబూరులో మా అన్నగారి యింట నున్నారు. ఆమె పుట్టి పెరిగినది కృష్ణయొడ్డున నొక చిన్న గ్రామము. మోకాళ్ల నొప్పులచేత ఆమె యిక ప్రయాణము చేయజాలరు. చూపుకూడ నానాటికి తగ్గుచున్నది. మొదటిసారి మేము వేసవి సెలవులలో పిల్లల నిద్దరను వెంటబెట్టుకొని కారులో బయలుదేరితిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకు గుంటూరు విడిచితిమి. పిల్లలు టోల్‌గేటువద్ద బండి ఆగినప్పుడెల్ల కన్నులు తెరచి, ఇంకెంత దూరమని యడిగి, మరల నిద్రపోయిరి. మెలకువగా నున్నంతసేపును సెల్‌ఫోనులోనే తల వంచుకొని యుండిరి. వారిని తప్పుపట్టుటకు మాకు హక్కు లేదు. మేమును గమ్యము చేరు గడియనే లెక్కించుచుంటిమి.

ఇల్లు చేరి కాళ్లు కడుగుకొనకముందే మా తల్లిగారు చిన్నవానిని దగ్గరకు పిలిచి, "ఏమిరా నాయనా, ఎన్ని యేళ్లు దాటివచ్చితిరి?" అని యడిగిరి.

"కృష్ణ దాటితిమి నాయనమ్మా!" అని వాడు తడుముకొనక చెప్పెను.

ఆమె నవ్వి, "గుంటూరు కృష్ణకు దక్షిణమున నున్నది గదరా. చెన్నపట్టణమునకు వచ్చువాడు కృష్ణ నెట్లు దాటును? వెనుకకు పోయితిరా యేమి?" అనిరి.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా పెద్దమ్మాయి తమ్ముని కాపాడదలచి, "వంతెనలు చాల వచ్చినవి నాయనమ్మా. కాని వాని క్రింద నీరెక్కడను లేదు, అంతయు ఇసుకయే" అనెను. ఆమె మావంక తిరిగెను. మాకును పెన్న తప్ప మరియొక పేరు నోటికి రాలేదు. భూగోళము బోధించు వారమైయుండి తల వంచుకొంటిమి. ఆమె కోపపడలేదు. "నాకు చూపు పోవుచున్నది. మీరైన చూచివచ్చి చెప్పుదురనుకొంటిని" అని మాత్రమనిరి. ఆ మాట ములుకువలె నాటెను.

ఆ సంవత్సరమే క్రిస్మసు సెలవులలో మరల బయలుదేరితిమి. ఈసారి పెద్దమ్మాయి చేతిలో నొక నోటుపుస్తకము, చిన్నవాని యొడిలో పటము. వంతెన వచ్చినప్పుడెల్ల ఏటిపేరు, అది పుట్టినచోటు, నీరున్నదో లేదో, ఒడ్డున నేమి పండుచున్నదో వ్రాయవలెనని నియమము. డిసెంబరు నెల దీనికి మిక్కిలి తగినది. గోదావరీ కృష్ణల వరదలు నైరుతి ఋతుపవనముచే ఆషాఢ శ్రావణ భాద్రపదములలో వచ్చును. ఒంగోలు నెల్లూరు ప్రాంతములకో, అక్టోబరునుండి డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనమే ముఖ్యాధారము. కావున మేలో ఇసుకదిబ్బగా నుండు ఏరు క్రిస్మసునాటికి నీటితో నుండును. మా పిల్లలు చూచినది అబద్ధము కాదు. చూచిన కాలము వేరు.

గుంటూరు దాటిన పిమ్మట కొంతదూరము నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప చేలు. యడ్లపాడు సమీపించునప్పటికి పడమట కొండవీటి కొండలు కానవచ్చినవి. రెడ్డిరాజులు రాజధానిగా నేలిన చోటది. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల దాటువరకు పెద్ద యేరు లేదు. చిన్నవాడు విసుగుకొని పటము మడచుచుండగా గుండ్లకమ్మ వంతెన వచ్చినది.

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, ప్రాచీనమైన కంభము చెరువును నింపి, ఒంగోలు నుత్తరమున సముద్రమునకు పోవును. ఆనాడు నిండుగా కాకున్నను నీరు పారుచుండెను. ఇచ్చట వెల్లంపల్లి కలదు. మన మిషను పాఠశాలల విద్యార్థులు ఈ పేరు నెరిగియుండవలెను. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు వచ్చినది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనులోని జాన్ క్లౌ దొరగారు కరవుపనిగా తీరపు కాలువలో మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించుటకు కంట్రాక్టు తీసికొని, ఆకలిచే వచ్చిన వేలాది జనులకు కూలి చూపిరి. కూటికొరకు మతమున చేరిరను మాట రాకుండునట్లు ఆ కరవుకాలమున నెవరికిని బాప్తిస్మమీయలేదు. పనులు ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీని, వెల్లంపల్లివద్ద ఈ గుండ్లకమ్మలోనే ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. వంతెనమీద బండి నాపుట ప్రమాదము గనుక దాటినపిదప ప్రక్కన నిలిపి యీ కథ చెప్పితిమి. "కాలువ యెక్కడ?" అని చిన్నవాడడిగెను. అది బకింగుహాము కాలువ; రహదారికి తూర్పున, సముద్రమున కంటియే పోవుచున్నది, ఇచటికి కానరాదు. ఆ కరవునాటి గవర్నరగు బకింగుహాము ప్రభువు పేర దానికా పేరు వచ్చినది. రైలు రాకమునుపు కృష్ణ డెల్టాలోని సరకు పడవలమీద ఈ కాలువ వెంబడి చెన్నపట్టణము చేరుచుండెడిది. నేడు దానిలో చాలభాగము పూడిపోయినది.

ఒంగోలు దాటగానే మూసి వచ్చినది. "మూసి హైదరాబాదులోనిది గదా?" అని పెద్దమ్మాయి పటమును లాగికొని చూచెను. అది వేరు, ఇది వేరు. హైదరాబాదు మూసి కృష్ణలో కలియును. ఇది తిన్నగ సముద్రములో కలియును. ఒకే పేరు గల యేళ్లు రెండుండుట మన దేశమున నరుదు కాదు. తరువాత పాలేరు వచ్చెను. దీని పేరు గలదియు కృష్ణకుపనదియై మరియొకటి కలదు. పరీక్షలలో తప్పులు వచ్చుట కిట్టి పేర్లే కారణమని మా అనుభవము.

సింగరాయకొండ దాటిన పిమ్మట మా బండి చక్రమునకు పంక్చరైనది. అంతకుముందే దాటినది మన్నేరు. త్రోవప్రక్కనున్న పంక్చరు అంగడి వద్దకు మెల్లగా చేరితిమి. అంగడివాడు నడివయస్కుడు. చక్రము విప్పుచు పిల్లల నోటుపుస్తకమును చూచి, ఏమి వ్రాయుచున్నారని యడిగెను. ఏళ్ల పేర్లని పెద్దమ్మాయి చెప్పి, "వేసవిలో నీ యేటిలో నీరుండదు గదా, మీరేమి చేయుదురు?" అని యడిగెను.

అతడు నవ్వి, "నీరు లేదని యెవరు చెప్పినారమ్మా? పైన లేదు, అంతే. ఇసుకలో చెలమ తీసితే ఊరుతుంది. మా అమ్మ మొలలోతు చెలమనుండి బిందె నింపేది" అని చెప్పెను.

చెలమ యనగా ఎండిన యేటిలో ఇసుకను తవ్వి చేసిన గుంట. ఏటి ఇసుక వాననీటిని త్రాగి లోపల దాచుకొనును. ఎండ ఇసుక లోతునకు చొరజాలదు గనుక ఆ నీరు త్వరగ ఆవిరి కాదు. అది లోలోపలనే పల్లమునకు మెల్లగ నడచుచుండును. ఇసుక నెక్కువగా త్రవ్వి బండ్లలో తరలించినచోట ఈ దాపరికము పోయి, చుట్టుప్రక్కల బావులలో నీరు క్రిందికి దిగును. మేము తరగతిలో ఈ పాఠము నెన్నిమారులు చెప్పినను పిల్లలు ఇంత శ్రద్ధతో వినలేదు. పెద్దమ్మాయి తన పుస్తకములో "వేసవిలో నీరు లేదు" అని ముందే వ్రాసికొనిన మాటను కొట్టివేసి, "వేసవిలో నీరు ఇసుక క్రింద" అని దిద్దుకొనెను. పంక్చరువలన ఒక గంట యాలస్యమైనది. ఆ గంట వ్యర్థమైనదని మాలో నొక్కరును తలచలేదు.

ఉలవపాడు మామిడికి పేరుపొందినది. డిసెంబరున చెట్లు మాత్రమే చూచితిమి. కావలి దాటి మధ్యాహ్నమునకు నెల్లూరు చేరితిమి. పెన్న యిచట విశాలమైనది. కర్ణాటకములో నంది కొండలవద్ద పుట్టి, రాయలసీమ మీదుగ 597 కి.మీ. ప్రవహించి, నెల్లూరు దాటి సముద్రమున కలియును. మహాభారతమున పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి యీ పట్టణమువాడే యని చెప్పగా, పెద్దమ్మాయి అది తనకు తెలియునన్నట్లు తల యూపెను. ఒడ్డున చెట్టునీడను తెచ్చుకొనిన పులిహోర తినుచు పటము విప్పి మరియొక సంగతి చూపితిమి. నెల్లూరునకు ఎగువన ఈ పెన్నమీదనే సోమశిల జలాశయము కలదు. శ్రీశైలమువద్ద కృష్ణనుండి తీసిన నీరు వెలుగోడు, బ్రహ్మంగారి మఠము జలాశయముల మీదుగ సోమశిలకును, అచటినుండి కండలేరు జలాశయమునకును, అచటినుండి కాలువలో తమిళనాడులోని పూండి చెరువునకును పోవును. దీనికి తెలుగుగంగయని పేరు. చెన్నపట్టణమునకు త్రాగునీటికై మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము తమతమ కృష్ణాజలములలో నైదేసి టి.ఎం.సి.లు విడుచుటకు 1976లో నొప్పుకొనినవి. కాలువ పని ఒప్పందము 1983లో జరిగి, నీరు 1996లో పూండి చేరినది. చిన్నవాడు పటముమీద శ్రీశైలమునుండి పూండి వరకు వ్రేలు నడిపి, ఏమియు మాటలాడక, చాలసేపు చూచెను.

గూడూరు త్వరగ గడచినది. నాయుడుపేటవద్ద స్వర్ణముఖి, తిరుపతి సమీపమునను, శ్రీకాళహస్తి యొద్దను పారునది యిదియే. అచటినుండి సూళ్లూరుపేట వరకు నేల తేమగలది. ఈ త్రోవకు సమీపముననే నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రము కలదు. గూడబాతులు ఈ ఋతువుననే వచ్చి గూళ్లు కట్టును. సూళ్లూరుపేట కాళంగి యొడ్డున నున్నది. ఆ యేరు పులికాటు సరస్సులో కలియును. సరస్సు నడుమనుండి తూర్పునకు పోవు త్రోవ శ్రీహరికోటకు చేర్చును. చంద్రయాన్-3 బయలుదేరినది 2023 జూలై 14న అచటినుండియే. చిన్నవాడు అటు పోదమని పట్టుపట్టెను గాని, పొద్దు వాలుచుండెను. నాయనమ్మ యెదురుచూచుచుండునని చెప్పి యొప్పించితిమి.

తడ దాటగానే బోర్డులమీద అక్షరములు మారినవి. గుమ్మిడిపూండి, పిమ్మట ఆరణియారు, కొసస్థలయారు. చీకటి పడుచుండగా ఎర్రకొండల చెరువు ప్రక్కగా పోయితిమి. తమిళులు దీనిని పుళల్ అందురు. 2019 వేసవిలో చెన్నపట్టణమునకు నీరిచ్చు చెరువులన్నియు ఎండిపోగా జోలార్‌పేటనుండి రైలుబండిలో నీరు తెప్పించినారు. ఆ దినములలో మా వదినగారు బిందెలతో లారీకై తెల్లవారుజామున నిలుచుండెడివారట. పూండికి వచ్చిన నీరు కాలువద్వారా ఈ చెరువునకును వచ్చునని పిల్లలకు చెప్పితిమి.

రాత్రి భోజనమైన పిదప మా తల్లిగారు మంచముమీద దిండున కానుకొని కూర్చుండిరి. అప్పటికి ఆమెకు మనుష్యుల ఆకారము తప్ప ముఖములు తెలియుటలేదు. పెద్దమ్మాయి పుస్తకము తీసి చదువసాగెను. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు. చెలమ మాట వచ్చినపుడు ఆమె చేయెత్తి యాపి, "మేమును తవ్వితిమే! కొబ్బరిచిప్పతో తోడెడివారము" అని, ఎన్నడును మాకు చెప్పని తన చిన్ననాటి కథ యొకటి చాలసేపు చెప్పిరి. పెన్న, స్వర్ణముఖి, కాళంగి, అరవదేశపు యేళ్లు రెండు. పుస్తకము ముగిసినది.

"మరి కృష్ణ?" అని ఆమె యడిగిరి. ఆమె మోమున నవ్వు దాగియుండెను.

చిన్నవాడు లేచి లోపలికి పోయి, గ్లాసుతో నీరు తెచ్చి ఆమె చేతిలో పెట్టెను. "కృష్ణను మేము దాటలేదు నాయనమ్మా. అది మాకంటె ముందే వేరు త్రోవను వచ్చినది. ఇందులో కొంత వాననీరు, కొంత సముద్రపునీటిని శుద్ధిచేసినది, కొంత కృష్ణ" అనెను. వదినగారు నవ్విరి. అన్నగారు, ఆ నెల తెలుగుగంగ నీరు వచ్చుచున్నమాట నిజమే యని చెప్పిరి.

ఆమె గ్లాసును రెండుచేతుల పట్టుకొని యొక గుక్క త్రాగి, "మా యూరి కృష్ణ యింతకంటె తీపిరా" అనిరి. అనియు గ్లాసులో చుక్కయైన మిగుల్చలేదు. పిదప పెద్దమ్మాయి యున్నవైపు చేయి చాచి, "ఏదీ, మొదటినుండి మరల చదువుము. గుండ్లకమ్మవద్ద మెల్లగా" అనిరి.