నీళ్లు తెల్లగా ఉన్నంతవరకే

గిటార్ బాడీకి ఆఖరి కోటు లాకర్ కొట్టి కొక్కేనికి వేలాడదీశాక, దూరం నుంచి చూస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. దగ్గరికెళ్లి ట్యూబ్‌లైటు వెలుగులో చూడండి. బాడీ మీద ప్రతిబింబించే ట్యూబ్ గీత తిన్నగా ఉండదు, నారింజ తొక్క మీద పడ్డట్టు వంకర్లు పోతుంది. ఆ గీతను తిన్నగా చెయ్యడమే మన పని.

నేను చెప్పేది రంగు మీద క్లియర్ నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే పెయింటు కొట్లలో దొరికే ఎన్‌సీ లాకర్, కొట్టిన బాడీ గురించి. 1920లలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో ఈ రకం లాకర్‌ను కార్లకు తెచ్చింది. ఫెండర్ గిటార్ల మీద పేరుమోసిన ఫియెస్టా రెడ్ కూడా 1956 ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు రంగే. అందుకే కారుకు పాలిష్ పెట్టే పనితనం ఇక్కడ అక్కరకొస్తుంది.

1. ఆరనివ్వాలి

చేతికి అంటుకోనంత మాత్రాన లాకర్ ఆరినట్టు కాదు. లోపలి థిన్నర్ ఆవిరైపోతున్నకొద్దీ పొర కుంగుతూనే ఉంటుంది. కనీసం 3, 4 వారాలు ఆగండి. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన తగిలితే మళ్లీ కొక్కేనికే తగిలించండి. తొందరపడి రుద్దితే, ఇవాళ అద్దంలా ఉన్న చోట నెల తిరిగేసరికి చెక్క గీతలు పైకి తేలతాయి.

2. రంధ్రాలు మూయాలి

స్క్రూ రంధ్రాల్లోకి నీళ్లు దిగితే చెక్క ఉబ్బి, చుట్టూ లాకర్ పగులుతుంది. వాటిలో కొవ్వొత్తి మైనం కూరండి. పికప్‌ల గుంటల అంచుల దగ్గర తడి తగ్గించండి.

3. వాటర్ పేపర్ పట్టాలి

800 నంబరు పేపర్‌ను ముందుగా నీళ్లలో నానబెట్టండి. బకెట్లో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేస్తే పేపర్ పట్టెయ్యకుండా జారుతుంది. చదునైన చోట రబ్బరు దిమ్మకు చుట్టి రుద్దాలి. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల కింద కాలువలు పడతాయి. కాసేపు రుద్ది, తుడిచి, ఏటవాలుగా చూడండి. మసక మధ్య ఇంకా మెరిసే చుక్కలు కనిపిస్తే అవి పల్లాలు. అవి పోయి అంతా ఒకే మసకగా మారేదాకా 800 దగ్గరే ఉండండి. సాపు చేసే పని ఈ నంబరుదే. తర్వాతివి దీని గీతల్ని చెరపడానికే.

అంచుల దగ్గర లాకర్ పలచన. నా మొదటి గిటార్ నీలం రంగుది. రుద్దుతుంటే పాలలాంటి తెల్లనీళ్లు కారుతున్నాయి. కొమ్ము అంచు మీద ఇంకో రెండుసార్లు చెయ్యి ఆడించాను, నీళ్లు నీలంగా మారాయి. క్లియర్ దాటి రంగులోకి దిగిపోయానన్నమాట. ఈ లాకర్‌లో ఉన్న మంచితనం ఏమిటంటే, కొత్త కోటు పాతదాన్ని కరిగించుకుని అందులో కలిసిపోతుంది. మచ్చ తెలియకుండా సరిదిద్దాను, కానీ మళ్లీ నెల ఆగాల్సి వచ్చింది. అప్పట్నుంచి అంచుల్ని చివర్లో, 1500 పేపర్‌తో, లెక్కపెట్టి ముట్టుకుంటాను.

ఆ తర్వాత 1000, 1200, 1500, 2000. ఒక నంబరు నిలువుగా రుద్దితే తర్వాతిది అడ్డంగా రుద్దండి, పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా నీళ్లూ మార్చండి. బకెట్లో మిగిలిన ఒక్క ముతక రేణువు చాలు, గంట పని పాడవుతుంది.

4. బఫింగ్

సిలికాన్ లేని రబ్బింగ్ కాంపౌండే కొనండి. సిలికాన్ అంటితే రేపు మళ్లీ కోటు కొట్టాల్సి వచ్చినప్పుడు గుంటలు పడతాయి. డ్రిల్లుకు స్పాంజి ప్యాడ్ తగిలించి, తక్కువ వేగంలో, ఒకచోట ఆపకుండా తిప్పండి. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క, తిరుగుతున్న కర్ర రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. లాకర్ లక్క కాకపోయినా వేడికి మెత్తబడటంలో దాని తోబుట్టువే. బాడీ వేలికి వెచ్చగా తగిలిందంటే ఆపండి. ప్యాడ్ అంచు మీదుగా బయటికి జారాలి, అంచుకు ఎదురు రాకూడదు. ముతక కాంపౌండ్ అయ్యాక గుడ్డ, ప్యాడ్ మార్చి సన్నది పెట్టండి.

చివరికి ఒకటి రెండు సూదిమొన గుంటలు మిగలొచ్చు. కింద పొర ఎంతుందో నమ్మకం లేకపోతే వాటి జోలికి పోకండి. బాడీని మళ్లీ ట్యూబ్‌లైటు కింద పట్టుకోండి. గీత ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా, నడుము వంపు దగ్గర మాత్రం వంపుతోపాటే ఒంగి సాగిందా? ఇక గుడ్డ పక్కన పెట్టెయ్యండి.